నీరు త్రాగనొల్లని శిశువు: పురపాలక, తాలూకా అధికారుల కొరకైన ఉపన్యాసము



వేసవి వచ్చినంతనే పురపాలక సంఘ కార్యాలయములయందును తాలూకా కచేరీలయందును నీటిని గూర్చిన అర్జీలు గుట్టలుగా పేరుకొనును. కుళాయి రాలేదనియు, వచ్చిన నీరు మురికిగా నున్నదనియు, బోరు ఎండిపోయినదనియు జనులు మొరపెట్టుకొందురు. ఆ అర్జీలలో నొక్కటియైనను "మా బిడ్డ నీరు త్రాగుట లేదు" అని యుండదు. ఆ మొర యింటిలో పుట్టి యింటిలోనే అణగిపోవును. ఒక్కొక్కప్పుడు ఆసుపత్రి గడపవద్ద తేలును. ఐనను దానికిని కచేరీకిని గల సంబంధము సామాన్యముగా దలంచుదానికన్న దగ్గరిది. ఆంధ్రదేశమున 1985వ సంవత్సరమున తాలూకాలకు మారుగా మండలములు ఏర్పడినవి గాన, ఇచ్చట తాలూకా యనినచోట అచ్చటివారు మండలమని గ్రహింతురుగాక.

బిడ్డ నీరు త్రాగుట లేదని యెవరైన చెప్పినపుడు మొట్టమొదట అడుగవలసినది బిడ్డ వయస్సెంత యని. ఆరుమాసములు నిండని శిశువు నీరు త్రాగకుండుట దోషము కాదు, త్రాగించుటయే దోషము. ఈ మాట పెద్దల కెంతమాత్రమును రుచింపదు. రోహిణీకార్తె యెండలలో పురిటింటనుండు ముసలమ్మ, "గోడలు బీటలు వారుతున్నవి, పసిదాని నాలుక పిడచగట్టదటే అమ్మాయీ? రెండు చెంచాలు కాచిన నీళ్ళు పట్టు" అని కోడలిని గద్దించుట ప్రతి యూరియందును విన్నదే. కోడలు మాఱు పలుకజాలదు. ముసలమ్మ మాటలో ప్రేమ గలదు, అనుభవమును గలదు; లేనిది తల్లిపాలయందెంత నీరున్నదో యను నెఱుక మాత్రమే. తల్లిపాలలో నూటికి సుమారు 88 పాళ్ళు నీరే. మిక్కిలి యుష్ణముగల పొడి ప్రదేశములయందు సైతము తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువులను పరీక్షించి చూడగా, వారికి వేరుగా నీటి యక్కఱ కనబడలేదు. ఎండ మిక్కుటమైనపుడు బిడ్డ పలుమారులు రొమ్మునకు వచ్చును. తల్లి యా పిలుపునకు బదులీయవలెను, తల్లికి దప్పిక తీఱ నీరును మజ్జిగయు అందవలెను. వేసవిలో నీళ్ళు పట్టవలసినది పసిబిడ్డకు గాదు, బాలెంతరాలికి. బాలెంతరాలు నీరు ఎక్కువ త్రాగినచో బిడ్డకు జలుబు చేయునను నమ్మకము కొన్ని యిండ్లలో నింకను గలదు. దానికాధార మేమియు లేదు.

1 చెంచా నీటివలన కలుగు కీడేమని ప్రశ్నింపవచ్చును. పసికందు కడుపు చిన్నది. దానిని నీటితో నింపినచో పాలకు చోటు చాలదు. పాలు తక్కువగా గుడిచిన కొలదిని తల్లికి పాలు తగ్గును. శిశువు మూత్రపిండములు ఎక్కువ నీటిని వెలిపుచ్చుట కింకను నేర్వలేదు. కావున మితిమీరిన నీరు రక్తమునందలి యుప్పును పలుచనజేసి మూర్ఛలు దెచ్చును. పోతపాల పొడిని ఆదాచేయదలచి నీరెక్కువ కలుపు నిండ్లయందును ఇదియే ప్రమాదము. అన్నిటికన్న ముఖ్యమైనది నీటితో వచ్చు రోగబీజము. ఈ కారణములనుబట్టియే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2001వ సంవత్సరమునుండి ఆరుమాసములు నిండువఱకు తల్లిపాలు తప్ప నీరు సైతము వలదని నియమించినది. చక్కెరనీళ్ళు, వామునీళ్ళు, గ్రైపువాటరు, పుట్టినదినమున నాలుకకు రాయు తేనె, ఇవన్నియు నీ నియమమునకు లోబడినవే. తేనె సంవత్సరము నిండువఱకును తగదు. అందుండు నొకవిధమైన సూక్ష్మజీవి పసివారి ప్రేగులలో విషమును పుట్టించి కండరములను చచ్చుబడజేయగలదు.

ఆరుమాసములు నిండిన పిమ్మట కథ మారును. అన్నప్రాశనము జరుగు కాలమునకే నీటి యక్కఱయు మొదలగుట మన యాచారమునకును నేటి వైద్యమునకును కుదిరిన పొత్తు. గట్టి యాహారము లోనికి పోయినకొలదిని కొంత నీరు వలయును. అది యెంత? సంవత్సరము నిండని బిడ్డకు దినమంతటికిని 120 మొదలు 240 మిల్లీలీటర్లు, అనగా చిన్న కప్పుతో సగము మొదలు ఒక కప్పువఱకు చాలును. ఇంత స్వల్పమని తెలియకయే తల్లులు దిగులుపడుచుందురు. గ్లాసెడు నీరు త్రాగు పెద్దలు తమ కొలతతో బిడ్డను కొలుచుటవలన, నాలుగు గుక్కలు త్రాగి ముఖము త్రిప్పుకొనిన బిడ్డ వారికి మొండిదిగా దోచును. పాలు, పప్పుకట్టు, గంజి, పలుచని జావ, పండ్లు, వీటియందెల్ల నీరే యున్నది. దినమునకాఱుమారులైనను లేతవన్నె మూత్రము పోయుచు, నాలుక తడిగానుండి, ఆటలాడు బిడ్డకు నీటి కొఱత లేదని నిశ్చయింపవచ్చును.

అట్టి బిడ్డకును నీటి రుచిని అలవాటు చేయుట మంచిదే. అది యెట్లనగా, బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొని, అంచు పలుచనగానుండు చిన్న గిన్నెనో గ్లాసునో క్రింది పెదవికి తాకించి, నీరు పెదవిని తడుపునంతమాత్రము వంచి, ఆగవలెను. నీరు నోటిలో పోయరాదు. బిడ్డయే నాలుక చాచి పీల్చుకొనవలెను. మొదటి దినములలో సగము నీరు గడ్డముమీదుగా చొక్కాలోనికి పోవును. దానికి విసుగుకొనరాదు. అన్నము ముద్ద ముద్దకును నడుమ రెండు గుక్కలిచ్చినచో బిడ్డ సులభముగా నొప్పుకొనును. పాలు త్రాగుటకు సరిగా ముందు ఇచ్చినచో ఒల్లదు, ఇచ్చుటయు తగదు. నిద్రమత్తులో నున్నపుడును, ఏడ్చుచున్నపుడును ప్రయత్నింపరాదు. కొందఱు బిడ్డలకు చల్లని కుండనీరు ప్రియము, కొందఱికి గోరువెచ్చనిది. రెండును చూపి తెలిసికొనవలెను. బిడ్డలకు అనుకరణ మెక్కువ. అన్న గాని అక్క గాని ఎదుట కూర్చుండి గుటగుట త్రాగుట చూచిన బిడ్డ, తల్లి వేయి బుజ్జగింపులకు లొంగనిదైనను, ఆ గ్లాసుకై చేయి చాచును. దానికని ప్రత్యేకముగా నొక చిన్న గ్లాసు నిచ్చి, ఖాళీదానితోనే మొదట ఆడుకొననిచ్చుట మంచి యుపాయము. నీటిలో చక్కెర కలిపి మరగించుట మాత్రము చెడ్డ యుపాయము. తీపికి మరగిన నాలుక మఱి వట్టి నీటిని రుచి చూడదు, మొలకపళ్ళును పుచ్చును.

ముక్కు మూసి, నోరు తెఱపించి, ఉగ్గుగిన్నెతో గొంతులోనికి వంపు పద్ధతిని గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. పూర్వపు స్త్రీలు దీనియందు మిక్కిలి నేర్పరులు. ఐనను నేర్పుచేతనే యిది మంచిది కాజాలదు. ఏడ్చు బిడ్డ ఊపిరి పీల్చుకొను క్షణమున నీరు శ్వాసనాళములోనికి పోవును. పొలమారి దగ్గుటతో సరిపోయిన మేలే. ఊపిరితిత్తులకు పట్టినచో జ్వరమగును. పైగా ఒకసారి యట్లు బలవంతమునకు గుఱియైన బిడ్డ గిన్నెను చూచినంతనే పెదవులు బిగించును. నీరనిన ఒల్లని బిడ్డలలో ననేకులట్లు చేయబడినవారే గాని పుట్టుకతో నట్టివారు కారు. పాలసీసాయు పరిహారము కాదు. దాని మూతయు చనుమొనయు కడుగుట కష్టము. ఇంటిలో నీటికి కఱవున్నచోట మఱియు కష్టము. పోతపాలను, పాలసీసాలను ప్రచారము చేయుటను నిషేధించు చట్టము భారతదేశమున 1992లో చేయబడి 2003లో సవరింపబడినది. మందుల దుకాణములయందును, ప్రసూతి గృహములయందును దీనికి విరుద్ధముగా కట్టు బొమ్మల ప్రకటనలను తీయించుట అధికారుల చేతిలోని పని.

ఇంతవఱకు చెప్పినది తల్లికి సంబంధించినది. ఇక నీటికి సంబంధించినది. బిడ్డ నాలుక పెద్దల నాలుకకన్న నిక్కచ్చియైనది. అలవాటుపడిన పెద్దలు గమనింపని యుప్పదనమును, క్లోరిను వాసనను, ఇనుప గొట్టపు రుచిని అది కనిపెట్టును. ఒక వీధిలో నలుగురైదుగురు తల్లులు తమ బిడ్డలు నీరు ఉమియుచున్నారని చెప్పినచో, వారికి బుద్ధులు చెప్పుటకు ముందు ఆ వీధి కుళాయిని పరీక్షింపవలెను. కుళాయి చివర నీటియందు లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండుట నియమము. అంతకు తగ్గిన రోగభయము. ఒక దినము శూన్యముగానుండి మఱునాడు గుప్పున వాసన వేయుట సరఫరాయందలి అజాగ్రత్తకు గుర్తు. బ్లీచింగుపౌడరు సంచి మూతివిప్పి తేమలో పెట్టినచో దాని బలము నానాటికి తగ్గును. బలము తగ్గిన దానిని కొలతకు వేసినను నీరు శుద్ధికాదు. ఇది తెలిసి గుప్పెళ్ళతో వేయు పనివానివలన మఱునాడు బిడ్డలు గ్లాసు త్రోసివేయుదురు. పలుచని గుడ్డ కప్పిన పాత్రలో కొంతసేపుంచిన నీటికి ఆ వాసన చాలవఱకు పోవును. ఈ చిన్న సంగతిని తల్లులకు చెప్పువారు లేక వారు శుద్ధమైన కుళాయినీటిని విడిచి చెరువునీటిని తెచ్చుకొనుట కలదు.

కాచుటచేత పోవునవియు పోనివియు వేఱుపఱచి తెలిసికొనవలెను. తెర్లి బుడగలు లేచు నీటిని ఒక నిమిషము కాచిన రోగబీజములు చచ్చును. దానిని మూతవేసి చల్లార్చి, పిడిగల గరిటెతో తీయవలెను గాని చేయి ముంచరాదు. ఐతే ఫ్లోరైడు గాని నైట్రేటు గాని కాచుటచేత పోదు సరిగదా, నీరు ఆవిరియైన కొలదిని చిక్కనగును. ఫ్లోరైడువలన కలుగు యెముకల వ్యాధిని భారతదేశమున మొదట వర్ణించినది 1937లో, నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా పడిన బాధ లోకమెఱిగినదే. పళ్ళును ఎముకలును ఏర్పడు వయస్సున ఆ నీరు బిడ్డ కడుపులోనికి పోకుండజూచుట అవసరము. నైట్రేటు వేఱొక విధమైనది. పెంటకుప్పలచెంతను, మరుగుదొడ్ల గుంటలచెంతను గల బావులయందును, ఎరువులు మిక్కుటముగా చల్లిన పొలముల నడుమ బోరులయందును అది చేరును. లీటరునకు 45 మిల్లీగ్రాములు మించిన నీటితో పోతపాలు కలిపి పట్టినచో, ఆఱుమాసములలోపు శిశువుల రక్తము ప్రాణవాయువును మోయజాలక, దేహము నీలివన్నెకు తిరుగును. కావున బావికిని మరుగుదొడ్డికిని నడుమ దూరము చూచి అనుమతి నిచ్చు ఉద్యోగి తానెఱుగకయే పసిబిడ్డల వైద్యుడగుచున్నాడు.

ఇక ఆరోగ్యముగానున్న బిడ్డ నీరు ఒల్లకుండుటకును, విరేచనములు పట్టిన బిడ్డ నీరు ఒల్లకుండుటకును భూమ్యాకాశముల యంతరమున్నది. ఈ భేదమును గుర్తింపలేకయే బిడ్డలు చనిపోవుచున్నారు. మొదటిది ఓపికతో తీఱును. రెండవదానికి గడియలే గడువు. నీళ్ళ విరేచనము మొదలైనపుడు బిడ్డ మొదట మిక్కిలి దప్పికగొని, చిరాకుపడుచు, గ్లాసు కనబడినంతనే ఆత్రముగా లాగికొనును. కన్నులు గుంటలుపడును, పొట్టమీది చర్మమును చిటికెతో పట్టి విడిచిన నెమ్మదిగా మాత్రమే సర్దుకొనును, నడినెత్తిని మెత్తనగానుండు మాడు లోతునకు దిగును. ఆ గుంటను చూచి మాడుపట్టు జాఱినదని ఆముదము అద్దువారు కలరు. మాడు జాఱలేదు, లోపలి నీరు తగ్గినది. ఇంకను ముదిరినపుడు ఆ యాత్రము పోయి, బిడ్డ మత్తుగా పడియుండి, నీరు పెదవికి తాకించినను త్రాగదు. "హమ్మయ్య, ఏడుపు మానినది, నిద్రపోవుచున్నది" అని యింటివారు ఊరడిల్లునట్టి యా వేళయే మిక్కిలి యపాయకరమైనది. త్రాగలేని బిడ్డను బుజ్జగించుచు కూర్చుండక తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. ఆ రాత్రివేళ బండి దొరకుటయు, దారి తెఱచియుండుటయు మఱల అధికారుల పనియే.

విరేచనములలో నీరు పోసిన విరేచనములు హెచ్చునని పూర్వము వైద్యులు సైతము లంఖణము పెట్టించిరి. ఆ మాట తప్పని నిరూపించినది ముఖ్యముగా వంగదేశము. కలరా పట్టినపుడును చిన్నప్రేగు గ్లూకోసును ఉప్పును జంటగా గ్రహింపగలదనియు, వాటివెంట నీరు లోనికి పోవుననియు తెలిసినది. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ ఛటర్జీ నోటిద్వారా ఇచ్చు ద్రావణమును గూర్చి ప్రకటించెను. 1968లో ఢాకానగరమున పరీక్షలు జరిగెను. 1971లో తూర్పు బంగాళమునుండి శరణార్థులు వెల్లువగా వచ్చి బనగాఁవ్ ఆసుపత్రిలో నేలమీద పడియున్నపుడు, నరములోనికి ఎక్కించు సెలైను చాలక, దిలీప్ మహాలనబిస్ అను వైద్యుడు గ్లూకోసును ఉప్పులను పొట్లములు కట్టించి, పీపాలలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుమున్ను నూటికి ముప్పదివఱకు ముట్టిన మరణములు నూటికి నాలుగుకన్న తక్కువకు దిగెను. ఆయన 2022లో మరణించెను. 2023లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదము నొసగెను.

బంగ్లాదేశమునందలి బ్రాక్ సంస్థ పని అధికారులకు మఱింత పాఠ్యమైనది. 1980 మొదలు 1990 వఱకు ఆ సంస్థ స్త్రీలు ఇంటింటికి పోయి, అరసేరు నీటిలో మూడువ్రేళ్ళ చిటికెడుప్పును, పిడికెడు బెల్లమును కలుపుట సుమారు 1 కోటి 20 లక్షల గృహములలో నేర్పిరి. నేర్పిన స్త్రీకి జీతము ఇన్ని గృహములు తిరిగెనని గాక, తల్లికి ఎంత జ్ఞాపకమున్నదో పిమ్మట పరీక్షించి ఇయ్యబడెను. ఐనను మొదట తల్లులు నేర్చికొనిరేగాని బిడ్డలకు పట్టలేదు. విచారింపగా, నేర్పువారికే దానియందు నమ్మకము లేదనియు, ఇంటి మగవారితో ఎవ్వరును మాటలాడలేదనియు తేలెను. అంతట సంతలలోను మసీదులలోను మగవారికి చెప్పబడెను. కరపత్రములు పంచి, పంచినట్లు రిజిస్టరులో వ్రాసి, పని ముగిసినదనుకొను పద్ధతికి ఇంతకన్న గట్టి జవాబు దొరకదు.

నేటి పొట్లములో లీటరు నీటికి గ్లూకోసు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 గ్రాములుండును. రెండేండ్లలోపు బిడ్డకు ఒక్కొక్క విరేచనమునకు 50 మొదలు 100 మిల్లీలీటర్లు పట్టవలెను, తల్లిపాలు మానరాదు. దీనియందు ఆరుమాసములలోపు శిశువునకును మినహాయింపు లేదు. వట్టి నీరు తగని వానికిని ఈ ద్రావణము తగును. వాంతి చేసికొనినచో పది నిమిషములాగి, తిరిగి నిమిషమునకో రెండు నిమిషములకో ఒక చెంచా చొప్పున మొదలిడవలెను. ఒల్లని బిడ్డతో వచ్చు చిక్కంతయు ఇక్కడనే. ఒక్కసారిగా అరగ్లాసు పోయదలచువారు ఓడుదురు. చెంచాతో గంట కూర్చుండువారు గెలుతురు. పాలిచ్చు తల్లి అలసిపోయినపుడు మేనత్తయో, నాయనమ్మయో, తండ్రియో ఆ చెంచాను అందుకొనవలెను. తండ్రులు చెంచా పట్టరాదని శాస్త్రమేదియు లేదు. దీనితోబాటు జింకుబిళ్ళ, ఆరుమాసములు దాటినవారికి 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవారికి 10, 14 దినములు ఇచ్చుట నియమము.

పేరు చూచి మోసపోరాదు. రంగు డబ్బాలలో తీపి పానీయములు ఓఆర్‌ఎస్ అను మూడక్షరములతో చాలకాలము అమ్ముడుపోయినవి. మితిమీరిన చక్కెర ప్రేగులోనికి నీటిని లాగి విరేచనమును హెచ్చించును. బిడ్డ వాటిని ఇష్టముతో త్రాగుటయే తల్లిని నమ్మించును. హైదరాబాదునందలి శిశువైద్యురాలొకరు సంవత్సరముల తరబడి పట్టుపట్టగా, నిర్ణీత పాళ్ళు లేని పానీయములకు ఆ పేరు తగదని భారత ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆజ్ఞాపించినది. తాలూకా కేంద్రమందలి దుకాణముల అరలను ఒకసారి చూచి వచ్చుట ఆహార తనిఖీదారునకు అరపూట పని.

పొట్లమును కలుపుటలో జరుగు పొరపాటు ఒక్కటే మిగిలియున్నది. అది చిన్నదిగా గనబడి పెద్ద యపాయము తెచ్చును. లీటరు నీటికి కట్టిన పొట్లమును ఇంటివారు గ్లాసెడు నీటిలో విప్పి వేయుదురు. ఉప్పు అయిదింతలై బిడ్డ మెదడునకు హాని చేయును. రుచి భరింపరానిదై బిడ్డ ఉమియును. అంతట బిడ్డ మొండిదని చెప్పుకొందురు. ఏ పల్లెలోను ఇంటింట లీటరు కొలత యుండదు, చెంబులన్నియు నొక్కరీతివి కావు. కావున వేసవికి ముందే, ఫాల్గుణమాసములోగా, ప్రతి అంగన్‌వాడీ కేంద్రమునకును గీతగీసిన లీటరు పాత్ర నొకదానిని పంపి, తల్లులు తమ తమ చెంబులను తెచ్చి ఆ పాత్రతో నీరు పోసి కొలిచి, లీటరు నిండినచోట మేకుతో గీత గీసికొని పోవునట్లు ఏర్పాటు చేయవలెను. పొట్లములు వచ్చినవా, వాటి గడువు తేది దాటినదా యని చూచుటయు అదే దినమున ముగింపవచ్చును. కలిపిన ద్రావణము 24 గంటలు దాటిన పాఱబోయవలెనని కూడ ఆ దినముననే చెప్పవలెను.